క్లాస్-5 కాంట్రాక్టర్ లైసెన్సు గారికి

మహారాజశ్రీ లైసెన్సు గారి సముఖమునకు, మీ సొంతదారు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. మీరు మా దేవుడి గదిలో, లామినేషన్ కవర్లో, మూలకి పసుపు బొట్టుతో చల్లగా ఉన్నారు. ఆఫీసు కాగితాల్లో మీ పేరు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టే అనుకోండి, ఊళ్లో అందరికీ మీరు లైసెన్సే.

మా ఇంట అడుగుపెట్టే ముందు మీరు అడిగినవన్నీ తెచ్చి పెట్టాను. ఆస్తి స్తోమత చూపే సాల్వెన్సీ పత్రం, పాన్ కార్డు, జీఎస్టీ నంబరు, ఐటీ రిటర్నులు, నోటరీ ముద్ర పడిన అఫిడవిట్. మా నాన్న రాసిచ్చిన పొలం విలువ చూశారు, ఇంటి విలువ చూశారు. "బస్తా సిమెంటుకి నీళ్లెన్ని పోస్తావురా?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. పాతిక లీటర్లు దాటించి ట్యూబుతో పోసుకుంటూ పోతే ఆ శ్లాబు బలం శంకరగిరి మాన్యాలు పట్టినట్టే. ఈ సంగతి మా మేస్త్రికి తెలుసు. ఇసుక లారీ దిగగానే ఆయన గుప్పెడు తీసి అరచేతుల్లో రుద్ది, దులిపేసి, చేతులు ఎండకి పెట్టి చూస్తాడు. మట్టి మరక మిగిలితే "ఇది గుంతలు పూడ్చుకోడానికి పనికొస్తది, వెనక్కి పంపెయ్" అంటాడు. పాపం, ఆయనది వేలిముద్ర. మీరు ఆయన ఇంటికి ఏ జన్మలోనూ రారు.

కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషన్ మీద వచ్చిన 2003 నాటి జీవో 94 ప్రకారం మీ వంశంలో పైన స్పెషల్ క్లాసు, దాని కింద ఒకటి నుంచి ఐదు. మా పిల్లలు ఒకటిలో చేరి ఐదుకి వెళ్తుంటే, నేను ఐదులో చేరి ఒకటికి పాకాలి. పాకాలంటే చేసిన పనులకి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అదే ఈఈ గారి అనుభవ పత్రం కావాలి. నా క్లాసుకి దొరికేవేమో సీసీ రోడ్డు ముక్కలు, బడి ప్రహరీలు, సైడు డ్రెయిన్లు. కాస్త పెద్ద పని పట్టాలంటే మీ అన్నగారు క్లాస్-1 నీడకి చేరాలి. పని ఆయన పేరున పడుతుంది. పెట్టుబడి నాది, కూలీలు నావాళ్లు, నెత్తిన ఎండా నాదే. ఆయన పర్సంటేజీ పట్టుకుని మిగతాది నా చేతిలో పెడతాడు. అనుమతి లేకుండా పని సబ్‌లెట్ చేయరాదని అగ్రిమెంటులో రాసే ఉంటుంది, ఆ కిందే ఆయన సంతకమూ ఉంటుంది.

మరి అనుభవ పత్రం ఎవరికి? రోడ్డు వేసినవాడికి కాదు, ఆయనకే. అలా నేను వేసిన రోడ్ల మీదుగానే ఆయన స్పెషల్ క్లాసుకి వెళ్లిపోయాడు. ఇప్పుడు కారు వెనకా, ఇంటి గేటు మీదా, ఆఖరికి కూతురి శుభలేఖలోనూ ఆ ముక్క అచ్చు వేయించాడు. లెవెల్ పైపు పట్టుకోవడం ఆయనకి వచ్చో రాదో నాకు ఇప్పటికీ అనుమానమే.

టెండర్ల సంగతి మీకు తెలియనిదా? ఒకప్పుడు టెండరు బాక్సు దగ్గర కర్రలతో మనుషుల్ని నిలబెట్టి ఎవరినీ టెండరు షెడ్యూలు వేయనిచ్చేవాళ్లు కాదు. 2003లో ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చింది. కర్రల ఖర్చు తగ్గింది. ఇప్పుడు "తమ్ముడూ, ఈ పని మనది, నువ్వు తప్పుకో" అని ఫోన్ వస్తుంది. తప్పుకోకపోతే లెస్ మీద లెస్, అంటే అంచనా కంటే తక్కువకి పోటీపడి పాడుకోవడమే. అంచనా మీద 5 శాతం మించి ఎక్కువ, అదే ఎక్సెస్, వేస్తే చెల్లదు గానీ, లెస్ 25 శాతం దాటినా తేడాకి డీడీ గానీ బ్యాంకు గ్యారంటీ గానీ కట్టి ఇంకా కిందికి దిగొచ్చు. ఆ పోయిన సొమ్ము ఎక్కణ్నుంచి పూడ్చారో తెలుసుకోవాలంటే లెక్కల పుస్తకం అక్కర్లేదు. డ్రెయిను గోడని గోరుతో గీకండి.

మీలో నాకు నచ్చేది మాత్రం పునర్జన్మ. కల్వర్టు కుంగి బ్లాక్‌లిస్టులో పడ్డా, బావమరిది పేరున మళ్లీ పుడతారు. అదే ప్రొక్లెయినర్, అదే కాంక్రీటు కలిపే మిల్లరు, అదే ముఠా. లెటర్‌హెడ్ ఒక్కటే కొత్తది.

నాకు ఆ అదృష్టమూ లేదు. చేసిన పనికి ఇంజినీర్లలో కింది మెట్టు ఏఈ గారు కొలతల పుస్తకం ఎంబుక్‌లో కొలతలు రాశారు, పై మెట్టు డీఈ గారు వాటిని సరిచూసి చెక్ మెజర్‌మెంటు చేశారు, ఈఈ గారు సంతకం పెట్టారు. ఎఫ్ఎస్‌డీ అనే సెక్యూరిటీ డిపాజిట్ 7.5 శాతం పట్టారు, జీఎస్టీ టీడీఎస్ 2, ఇన్‌కంటాక్స్ 1, లేబర్ సెస్ 1, పైన ఇసుక, కంకరలకి సీనరేజీ రుసుము. అన్నీ పట్టుకోగా నాకు మిగిలింది టోకెన్ నంబరు. బిల్లు పాసయింది, డబ్బు పడలేదు. సిమెంటు కొట్టు ఆయన ఈమధ్య పొద్దున్నే నాకంటే ముందు మా గేటు తీస్తున్నాడు.

ఇంతలో మీ గడువు దగ్గరపడింది. రెన్యువల్ ఫీజు కట్టాలి. ఏడాది తిరిగిందని సాల్వెన్సీ కొత్తది తేవాలి. టెండర్లు వేసే డిజిటల్ సంతకం డాంగిల్‌కీ కాలం తీరింది. నా దగ్గర పైసా లేదు. ఫీజేదో ఆగిపోయిన ఆ బిల్లులోనే పట్టుకోండి. పట్టుకునేవి ఇప్పటికే ఇన్ని ఉన్నాయి, ఇంకో గడి గీయడం ఆఫీసువారికి పెద్ద పనేం కాదు.

ఇట్లు,
మీ క్లాస్-5 వాడు