పియర్స్ అనే క్రియకు పని ఒత్తిడి

ఇంగ్లీషు క్రియల్లో ముందు యూనియన్ పెట్టుకోవాల్సింది పియర్స్. దాని అసలు ఉద్యోగం చాలా చిన్నది. మొన ఉన్నదేదో లోపలికి దిగాలి, వీలైతే అవతలికి తేలాలి, చిల్లు మిగలాలి. చెవి తమ్మెలో సూది దిగినా, కవచంలోంచి గుండు దూసుకుపోయినా అదే మాట. 1300 ప్రాంతంలో ఫ్రెంచి నుంచి వచ్చి చేరిన దగ్గర్నుంచీ ఈ డ్యూటీ బుద్ధిగానే చేస్తోంది. ప్రిక్ అంటే పైపైన గుచ్చి వదిలేసే రకం, స్టాబ్‌కి కాస్త కసి కావాలి, పంచర్‌కి గాలి పోతే చాలు. ఇటు దిగి అటు తేలే పని మాత్రం దీనిదే.

మరి మిగతావన్నీ దీని నెత్తిన ఎందుకు రుద్దుతున్నారు? చలి పియర్స్ చేస్తుందట, కేక నిశ్శబ్దాన్ని పియర్స్ చేస్తుందట, టార్చిలైటు చీకటిని పియర్స్ చేస్తుందట, తీరా చీకటికి పడిన ఆ చిల్లుకి మాటు ఎవరు వేస్తారో ఏ డిక్షనరీలోనూ ఉండదు. నవల్లో హీరో కళ్లు ఎప్పుడు చూసినా పియర్సింగే. అలాంటి కళ్లెదుట మూడొందల పేజీలు నిలబడిన హీరోయిన్‌కి ఒక్క టెటనస్ ఇంజెక్షన్ వేయించాలని ఏ రచయితకీ తట్టదు.

పోనీ నిజంగా గుచ్చేవాళ్లకైనా గుర్తింపు ఉందా అంటే అదీ లేదు. దోమ తొండంలో సన్నటి సూదుల్లాంటివి ఆరు ఉంటాయి, చర్మాన్ని చీల్చుకుని రక్తనాళం వెతుక్కుంటాయి. ఇంత నైపుణ్యానికి రోజువారీ ఇంగ్లీషు ఇచ్చిన బిరుదు బైట్, అంటే కరవడం! కొరికే నోరే లేనిదేమో కరుస్తుంది, కుర్చీలోంచి కదలని బాస్ చూపేమో పియర్స్ చేస్తుంది.

రాజకీయాల వాళ్లు మాత్రం ఎందుకు ఊరుకుంటారు? అమెరికాలో 1844లో గెలిచిన అధ్యక్షుడి పేరు పోక్, వినడానికి అచ్చం ఇంగ్లీషులో పొడవడం అనే అర్థమున్న పోక్‌లాగే ఉంటుంది. 1852లో ఆయన పార్టీ వాళ్లే, అంటే డెమోక్రాట్లు, ఫ్రాంక్లిన్ పియర్స్‌ని నిలబెట్టి, '1844లో మిమ్మల్ని పోక్ చేశాం, 1852లో పియర్స్ చేస్తాం' అని నినాదం అందుకున్నారు. ఓటర్లని పొడుస్తామని ముందే చెప్పిన నిజాయితీకి మెచ్చుకోవాలి. ఇంతాచేసి ఆ ఇంటిపేరుకీ గుచ్చడానికీ సంబంధమే లేదు. అది పీటర్ నుంచి వచ్చింది, పీటర్ అంటే రాయి. రాయితో గుచ్చుతామని ఓట్లడిగితే 31 రాష్ట్రాల్లో 27 సరేనన్నాయి.