సవరణ: ఫారంలో శానిటైజర్ చాలదు

సంక్రాంతి సెలవుల్లో పిల్లలకు గుంటూరు చుట్టుపక్కల డెయిరీ ఫారాలు చూపించాలనుకునేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, "దూడల్ని, మేకపిల్లల్ని ముట్టుకున్నాక శానిటైజర్ రాసుకుంటే చాలు" అని రాశాను. అది తప్పు.

పేడ, మట్టి అంటిన చేతుల మీద ఆల్కహాల్ జెల్ సరిగా పనిచేయదు. పైగా దూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి దానికి చావదు. సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద కనీసం 20 సెకన్లు రుద్ది కడగాలి. అందరూ ఒకే బకెట్లో చేతులు ముంచడం కడగడం కిందికి రాదు. ఫారాలకు వచ్చే సందర్శకుల కోసం ప్రజారోగ్య సంస్థలు ఇచ్చే సూచనలు ఇవే. పశువు నిక్షేపంగా కనబడుతున్నా దాని పేడలో ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు దాంతో ముప్పు ఎక్కువ, ఒక్కోసారి కిడ్నీల దాకా వస్తుంది. చేతులు కడిగేదాకా అరిసెల డబ్బా మూత తీయకండి!

ఇంకొకటి. అదే పోస్టులో "తాజా పాలు తాగించండి" అన్నది కాచిన పాల గురించే, కొందరు గుమ్మపాలు అనుకున్నారు. పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి సోకే జ్వరం) రావచ్చు. పాత పోస్టులో రెండు వాక్యాలూ మార్చాను.