ట్రాన్స్‌ఫర్‌ను పలచన చేసిందెవరు?

పోయినేడు నవంబరులో ఓ రాత్రి మా పిన్ని కొడుకు టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, రిలీజ్ డేట్ ఎప్పుడు పెట్టమనను? రేపటికల్లా చెప్పమంటున్నారు" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. వాడు ఎంఎస్‌కి వెళ్లి మూడు నెలలే అయింది. చేరినచోట ఫీజు భరించలేక పక్క రాష్ట్రంలోని ఓ ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాడు. అక్కడ ఫీజు దాదాపు సగం.

"పిన్నికి చెప్పావా?" అనడిగాను.

"చెబితే అమ్మ ఏడుస్తుంది. అంతా అయ్యాక చెబుదాం."

అమెరికాలో ట్రాన్స్‌ఫర్ అంటే కదిలేది మార్కుల జాబితా కాదు, సెవిస్ అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలో ఉన్న విద్యార్థి రికార్డు. దాన్ని పాత యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) ఫలానా రోజున కొత్త యూనివర్సిటీకి వదులుతారు. ఆ రోజే రిలీజ్ డేట్. అది రాకముందు మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. దాటిందంటే రికార్డు మీద పాతవాళ్లకు అధికారం ఉండదు. ఆ రోజుతోనే పాత క్యాంపస్‌లో చేసుకునే పార్ట్‌టైమ్ పని ఆగిపోతుంది. చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లకైతే ఓపీటీయే చెల్లిపోతుంది. ఈ సంగతి తెలియక, ముందుజాగ్రత్త అనుకుని రికార్డు తొందరగా కదిలించి, చేస్తున్న ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లున్నారు. కొత్తచోట క్లాసులు అయిదు నెలల్లోపు మొదలవ్వాలన్న లెక్క ఇంకొకటి.

మావాడు లైబ్రరీలో వారానికి ఇరవై గంటలు పనిచేస్తున్నాడు. సెమిస్టరు పూర్తయి, మార్కులు పడి, చివరి జీతం చేతికొచ్చాకే తేదీ పెట్టమన్నాను. అదీ కాక, వాడు చదివిన మూడు సబ్జెక్టుల్లో రెండింటినే కొత్త యూనివర్సిటీ లెక్కలోకి తీసుకుంది. సగం ఫీజు అన్న మాట ఎంత ఊరించినా, మిగిలిన ఆ ఒక్క సబ్జెక్టు కోసం ఇంకో సెమిస్టరు ఉండాల్సి వస్తే అద్దె, తిండి ఖర్చులు కలిసి మిగులును తినేస్తాయి. ఇద్దరం ఫోన్లోనే ఆ లెక్క వేసుకున్నాం. స్వల్పంగా లాభమే తేలింది.

వాడు చేసిందాంట్లో తప్పేమీ లేదు. కొత్త వీసా అక్కర్లేదు, 350 డాలర్ల సెవిస్ ఫీజు మళ్లీ కట్టనక్కర్లేదు. మిగతా దేశాలతో పోలిస్తే ఇది చాలా ఉదారమైన పద్ధతి. కెనడాలో ఒకప్పుడు ఆన్‌లైన్‌లో సమాచారమిస్తే సరిపోయేది. 2024 నవంబరు 8 నుంచి కాలేజీ మారాలంటే కొత్త స్టడీ పర్మిట్ తీసుకోవాల్సిందే. ఆస్ట్రేలియాలో ప్రధాన కోర్సు ఆరు నెలలన్నా చదవకుండా మారాలంటే పాత సంస్థ ఒప్పుకోవాలి. అమెరికా మాత్రం పొరపాటుగా ఎంచుకున్న కుర్రాడికి దిద్దుకునే వీలిచ్చింది. ఆ వీలు మీదే ఒక బజారు లేచింది. అందులో మనవాళ్ల దుకాణాలూ, మనవాళ్ల గిరాకీ తక్కువేం కాదు.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో, ఫీజు తీసుకుని విద్యార్థి వీసా కాగితాలిచ్చే బోగస్ ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. పదిహేను వందల మందికి పైగా విద్యార్థులు, వాళ్లలో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. రికార్డుల ప్రకారం వాళ్లలో సగానికి పైగా సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు లెక్క! కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలిస్తే మన ప్రభుత్వం నిరసన తెలిపింది. ఆ యూనివర్సిటీ పెట్టినావిడకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

దాన్నుంచి ఏమన్నా నేర్చుకున్నామా అంటే, ఎనిమిదేళ్లకే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వచ్చింది. ఈసారి వల వేయడానికి యూనివర్సిటీని పెట్టింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే. పాఠం చెప్పేవాళ్లు లేరు, క్లాసుల్లేవు. వెబ్‌సైటుంది, ఫీజు కట్టే వీలుంది. 2019 జనవరి చివర్లో ముసుగు తీస్తే, మొదట పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీదా కేసులు పెట్టారు. అంతా తెలిసే చేరారన్నది అధికారుల వాదన. నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఆ పేరు ప్రభుత్వం గుర్తించిన సంస్థల జాబితాలోనే ఉంది. జాగ్రత్తపరుడైన విద్యార్థి చూసేది కూడా ఆ జాబితానే కదా. ఫీజు తీసుకుని చదువు చెప్పలేదంటూ ఒక విద్యార్థి అమెరికా ప్రభుత్వం మీద దావా వేస్తే, దాన్ని విచారించవచ్చని 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది.

ఈ గిరాకీకి మూలం చదువులో లేదు, లాటరీలో ఉంది. ఎంఎస్ అయ్యాక ఓపీటీ ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) వాళ్లకు ఇంకో రెండేళ్లు. ఈలోపు ఏటా 85 వేల హెచ్1బీ ఉద్యోగ వీసాల కోసం మార్చిలో జరిగే లాటరీ ఎంపికలో పేరు రావాలి. మూడు మార్చి నెలలు గడిచినా రాకపోతే దారి రెండే: సామాను సర్దుకోవడం, లేదా మళ్లీ విద్యార్థి కావడం. చదువుకుంటూనే ఉద్యోగం చేయడానికిచ్చే అనుమతి సీపీటీ. దానికి మామూలుగా ఏడాది చదివి ఉండాలి. మాస్టర్స్, ఆపై కోర్సుల్లో చదువే మొదటి రోజు నుంచి పని అనుభవం కోరితే మినహాయింపు ఉంది. ఆ ఒక్క మినహాయింపును పట్టుకుని కొన్ని స్కూళ్లు డే వన్ సీపీటీ బోర్డు కట్టేశాయి. ముప్పై దాటిన ఇంజనీరు, ఇద్దరు పిల్లల తండ్రి, ఒకసారి చదివిందే ఇంకో పేరుతో చదువుతుంటాడు. సెమిస్టరుకు రెండు మూడు శనాదివారాలు విమానమెక్కి క్లాసుకి వెళ్లొస్తాడు. అతన్ని దొంగ అనడానికి నాకు నోరు రాదు. కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడు దిగీ దిగగానే ఉద్యోగం కోసం అదే స్కూలుకి మారుతుంటే మాత్రం, వాడికి ఆ దారి చూపించిన కన్సల్టెన్సీని నాలుగు మాటలనాలనిపిస్తుంది.

2025 ఆగస్టులో అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ పెట్టిన ప్రతిపాదన ఈ నేపథ్యంలోంచి వచ్చిందే. గ్రాడ్యుయేట్ (ఎంఎస్, పీహెచ్‌డీ) విద్యార్థులు మధ్యలో ప్రోగ్రామ్ మార్చుకోకూడదని, డిగ్రీ వాళ్లు మొదటి ఏడాది కదలకూడదని, అదే స్థాయిలో రెండో డిగ్రీ కుదరదని అందులో ఉంది. చదువయ్యాక దేశం విడిచేందుకు ఇచ్చే అరవై రోజుల గడువు కూడా ముప్పైకి దిగుతుంది. ఇలాంటి నిబంధనకు దొడ్డిదారి స్కూళ్లు ఏదో మందు కనిపెట్టుకుంటాయి. నలిగేది మావాడిలాంటి వాళ్లు, గైడ్‌తో పొసగక ఇంకో ల్యాబుకు పోదామనుకునే పరిశోధక విద్యార్థులు. బోగస్ స్కూలుకు ఏటేటా గుర్తింపు కొనసాగనిచ్చి, ఆ గుర్తింపును నమ్మిన పిల్లవాడిని కదలొద్దనడం ఏం న్యాయం? గుర్తింపు ఇచ్చే అధికారం, దాన్ని తీసేసే అధికారం రెండూ ఉన్నది ఆ శాఖకే కదా.

మావాడి రహస్యం నెల కూడా దాగలేదు. ఎడ్యుకేషన్ లోను ఫలానా యూనివర్సిటీ, ఫలానా కోర్సు పేరు మీద మంజూరవుతుంది. కొత్త ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం), కొత్త ఫీజు వివరాలు చూపిస్తేనే తర్వాతి వాయిదా కదులుతుంది. తెనాలిలో బ్యాంకు వాళ్లు సంతకానికి బాబాయిని పిలిచారు. ఆ సాయంత్రం పిన్ని వీడియో కాల్ చేసి అడిగిన మొదటి మాట ఫీజు గురించి కాదు.

"ట్రాన్స్‌ఫర్ అంటే ఏంట్రా? అప్పట్లో టీవీలో చూపించారే, పిల్లల కాళ్లకేవో తగిలించారని... అట్లాంటిదా?"

"కాదమ్మా," అన్నాడు వాడు. "ఇక్కడ అటెండెన్స్ తీసుకుంటారు."