సంతకం దగ్గర ఆగిన సాయం

తెలంగాణలో రైతుకు పెట్టుబడి సాయంగా ఇచ్చే రైతుబంధు 2018 మేలో హుజూరాబాద్ ప్రాంతంలో మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. తర్వాత 5,000 అయింది. ప్రభుత్వం మారాక రైతు భరోసా పేరుతో 2025 జనవరి నుంచి 6,000 ఇస్తున్నారు. పాసుపుస్తకం ఎవరిదో డబ్బు వాళ్లదేనన్న పద్ధతి మాత్రం కదల్లేదు, చేను చేసే కౌలు రైతుకు అందేది లేదు. ఎన్నికలప్పుడు కాంగ్రెస్ ఎకరాకు ఏడాదికి 15,000 చొప్పున కౌలు రైతుకూ ఇస్తామంది. అది 12,000కు దిగింది, కౌలు రైతు మాట వెనక్కి పోయింది. కేంద్రం ఏటా ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కూడా భూమి ఉన్న కుటుంబాలకే. పట్టాదారుకు సాయం అందుతోంది కాబట్టి ఆ మేరకు కౌలు తగ్గించాలని ఎక్కడా రాసి లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుకు కనీసం ఒక కార్డు ఉంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారుకు 11 నెలల పాటు పంట మీద మాత్రమే హక్కు, భూమి మీద కాదు. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ సాయం కింద ఏటా 20,000 కౌలు రైతుకు దక్కాలన్నా ఆ కార్డే ఆధారం. కార్డు రావాలంటే ఆసామి, అంటే పొలం సొంతదారు, సంతకం కావాలి. కథ అక్కడే ఆగిపోతోంది.

1950, 1956 నాటి కౌలుదారీ చట్టాలను తలుచుకుని, కౌలుదారుకు భూమి మీద హక్కు వస్తుందేమోనని ఆసాములు భయపడుతున్నారంటారు. కొంత నిజమే. అయితే ఆ పొలం మీద పంట రుణం ఆసామి ముందే తీసుకుని ఉంటాడు, అదే పొలానికి ఇంకొకరి పేరు ఎక్కితే బ్యాంకులో చిక్కు. భయం కన్నా ఈ లెక్కే బలమైనదని మా అనుమానం. కౌలుదారు గట్టిగా అడగలేడు. అడిగితే వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి పోతుందన్న టెన్షన్ అతనిది.

పోయేది ఈ కాస్త సొమ్మొక్కటే కాదు. బ్యాంకు అప్పు పుట్టదు, తుపానుకు పంట పోతే పరిహారానికీ పేరు కావాలి. తెలంగాణలో 5 లక్షల రైతు బీమా పట్టాదారు కుటుంబానికే. సొంత సెంటు లేకుండా పది ఎకరాలు కౌలుకు చేసి, అప్పుల్లో మునిగి ప్రాణం తీసుకున్న మనిషి ఆ లెక్కలో రైతే కాడు.

కౌలుకిచ్చేవాళ్లంతా భూస్వాములని మేము అనం. భర్త పోయిన ఇల్లాలు, మంచాన పడ్డ ముసలాయన కూడా అందులో ఉన్నారు. రెండు మూడు ఎకరాల ఇలాంటివాళ్లకు సాయం ఆపమనడం లేదు. పట్నంలో జీతం తీసుకుంటూ పాతిక ఎకరాలు కౌలుకిచ్చిన ఆసామికి అదే పేరుతో డబ్బు వేయడమెందుకన్నదే మా ప్రశ్న. పథకం పేరు పెట్టుబడి సాయం కదా!

దారి లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ అనే పంటల నమోదు కోసం సిబ్బంది చేలోకి వెళ్లి పంట ఫొటో తీస్తున్నారు. తెలంగాణలోనూ వ్యవసాయ విస్తరణ అధికారులు పంటలు నమోదు చేస్తున్నారు. ఆ గట్టు మీదే సాగుదారు ఎవరో చుట్టుపక్కల రైతులను అడిగి రాసుకోవచ్చు. ఆ జాబితాను గ్రామసభలో చదివి, అభ్యంతరం ఉన్న ఆసామికి పదిహేను రోజులు గడువిచ్చి, ఆ తర్వాత సంతకంతో పని లేకుండా కార్డు ఇవ్వాలి. చట్ట సవరణ అవసరమైతే వచ్చే వానాకాలం నాట్లు పడేలోగా రెండు ప్రభుత్వాలూ ఆ పని ముగించాలి.