ఐరిష్ విస్కీకి మూడు బట్టీల నియమం ఎవరు పెట్టారు?

ఐరిష్ విస్కీని మూడుసార్లు బట్టీ పడతారని, స్కాచ్‌ను (స్కాట్లండ్ విస్కీని) రెండుసార్లేనని, ఐరిష్‌కు పొగవాసన ఉండదని, దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో (whiskey) చివరి y ముందు ‘ఇ’ (e) అక్షరం తప్పనిసరి అని, బుష్‌మిల్స్ డిస్టిలరీ 1608 నుంచి నడుస్తోందని, మూడుసార్లు శుద్ధి అయిన సరుకు కాబట్టి మర్నాడు తలనొప్పి రాదని చెప్పే సందేశం ఒకటి చాలాకాలంగా చేతులు మారుతోంది. ఇందులో పచ్చి అబద్ధాలు తక్కువే. కొందరి అలవాటును అందరి నియమంగా చెప్పడమే ఇందులోని అసలు లోపం.

మొదటిది మూడుసార్ల మాట. ఐర్లండ్ 1980లో చేసిన ఐరిష్ విస్కీ చట్టంలో బట్టీల లెక్కే లేదు. ధాన్యాన్ని నానబెట్టి, పులియబెట్టి, ఐర్లండ్ ద్వీపంలోనే (ఉత్తర ఐర్లండ్‌తో సహా) బట్టీ పట్టాలని, వచ్చే స్పిరిట్‌లో ఆల్కహాల్ 94.8 శాతం కంటే తక్కువ ఉండాలని, ఆ ద్వీపంలోనే కొయ్య పీపాల్లో కనీసం మూడేళ్లు నిలవ ఉంచాలని మాత్రమే నిబంధనలు చెబుతాయి. పీపా ఓక్‌దే కావాలన్న పట్టింపు కూడా స్కాచ్‌కు ఉంది గాని ఐరిష్‌కు లేదు. మరి మూడుసార్ల మాట ఎక్కడిది? 1966లో జేమ్సన్, పవర్స్, కార్క్ డిస్టిలరీలు కలిసి ఐరిష్ డిస్టిలర్స్ అనే ఒకే సంస్థ అయ్యాయి. 1972లో బుష్‌మిల్స్ కూడా అందులో చేరింది. 1975లో కార్క్ కౌంటీలోని మిడిల్టన్‌లో కొత్త డిస్టిలరీ తెరిచాక, విస్కీ తీసేవి ద్వీపమంతటా అదీ, ఉత్తరాన బుష్‌మిల్సూ మాత్రమే మిగిలాయి. ఈ రెండింటిదీ మూడుసార్లు కాచే సంప్రదాయమే కనుక, ఒక యజమాని పద్ధతి బయటి ప్రపంచానికి దేశ లక్షణంలా కనిపించింది. 1987లో జాన్ టీలింగ్ లౌత్ కౌంటీలో కూలీ డిస్టిలరీ స్థాపించి రెండుసార్లే కాచడం మొదలుపెట్టారు; అదీ చట్టం ప్రకారం ఐరిష్ విస్కీయే. అటు స్కాట్లండ్‌లో గ్లాస్గో దగ్గరి ఆకెన్‌టోషన్ డిస్టిలరీ మూడుసార్లు కాస్తుంది.

పొగ సంగతి కూడా ఇంతే. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకున్న మొక్కల అవశేషాల మట్టి. దాన్ని ఎండబెట్టి ఐర్లండ్ పల్లెల్లో తరతరాలుగా పొయ్యిలోకి వాడారు. మొలకెత్తించిన బార్లీని ఆ మంట మీద ఆరబెడితే గింజకు పొగ పడుతుంది, పొగ తగలని కొలిమిలో ఆరబెడితే పట్టదు. నేటి ఐరిష్ విస్కీల్లో ఎక్కువ భాగం రెండో దారిన వచ్చినవన్న మాట నిజమే. అయితే కూలీ వారి కానెమారా పీట్ పొగతో చేసిన సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే తీసిన విస్కీ).

ఐరిష్ విస్కీకి నిజంగా తనదైన గుర్తు ఒకటి ఉంది, ఆ సందేశంలో దాని ప్రస్తావనే లేదు. అదే పాట్ స్టిల్ విస్కీ. మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించని పచ్చి బార్లీని కలిపి, రెండూ కనీసం 30 శాతం చొప్పున ఉండేలా చూసి, రాగి బట్టీల్లో కాస్తారు. 18వ శతాబ్దం చివర మాల్ట్‌పై, అంటే మొలకెత్తించిన ధాన్యంపై, పన్ను భారమయ్యాక ఈ పద్ధతి బలపడింది. పన్ను తప్పించుకోవడానికి వేసిన ఎత్తు కాస్తా రుచిగా మారింది! పచ్చి బార్లీ వల్ల నాలుకకు ఒక జిడ్డుదనం, మసాలా ఘాటు తెలుస్తాయి. జేమ్సన్ వంటి బ్లెండ్లలో (వేర్వేరు విస్కీల మిశ్రమాల్లో) ఈ పాట్ స్టిల్ విస్కీకి నిలువు స్తంభంలాంటి కాలమ్ బట్టీలో తీసిన తేలికపాటి గ్రెయిన్ విస్కీ కలుస్తుంది. అలాంటి బట్టీకి 1830లో పేటెంట్ పొందిన ఈనియస్ కాఫీ ఐర్లండ్‌లోనే ఎక్సైజ్ అధికారిగా పనిచేసినవాడు. డబ్లిన్‌లోని పెద్ద డిస్టిలరీల వాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తే, స్కాట్లండ్ వాళ్లు అందిపుచ్చుకుని బ్లెండెడ్ స్కాచ్‌తో లోకమంతా వ్యాపించారు.

‘ఇ’ అక్షరం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1870ల చివర డబ్లిన్‌లోని నాలుగు పెద్ద డిస్టిలరీలు కాలమ్ బట్టీ సరుకును దుయ్యబడుతూ అచ్చువేసిన పుస్తకం పేరులోనే ఆ అక్షరం లేదు.

1608 నాటి లైసెన్సు నిజం. అయితే అది రాజు మొదటి జేమ్స్ సర్ థామస్ ఫిలిప్స్‌కు ఆంట్రిమ్ ప్రాంతంలో మద్యం తీసేందుకు ఇచ్చిన అనుమతి. బుష్‌మిల్స్ పేరుతో సంస్థ నమోదైంది 1784లో. 1757ను తన పుట్టిన ఏడుగా చెప్పుకునే ఐర్లండ్‌లోని కిల్‌బెగన్ డిస్టిలరీ అంతకన్నా పాతది. లేబుల్ మీది అంకె లైసెన్సుది, డిస్టిలరీది కాదు.

ఇక తలనొప్పి. మూడోసారి కాస్తే స్పిరిట్ 80 శాతం దాటి వస్తుంది, కొన్ని బరువైన పదార్థాలు తగ్గి తేలికవుతుంది. కానీ దానికి నీళ్లు కలిపి పీపాకెక్కిస్తారు, ఏళ్ల తరబడి కొయ్య నుంచి రంగూ రుచీ దిగుతాయి, చివరికి మళ్లీ నీళ్లు కలిపి ఎక్కువగా 40 శాతం దగ్గర సీసాకెత్తుతారు. మత్తుకూ మర్నాటి బాధకూ ప్రధాన కారణమైన ఇథనాల్ అందులో ఎక్కడికీ పోదు. 60 మిల్లీలీటర్ల పెగ్గులో అది 24 మిల్లీలీటర్లు. రెండుసార్లు కాచినదైనా, మూడుసార్లు కాచినదైనా.