ఎవరిల్లు వారిదే, ఒక పూట అన్నం అందరిదీ

కర్నూలులో పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన ఇళ్లు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో, లేదంటే అమెరికాలోనో ఉంటారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బుతో భార్యాభర్తలు అపార్టుమెంటులో ఫ్లాటు కొనుక్కుని చేరతారు. పొద్దున్నే పాలబ్బాయి తలుపుకు తగిలించిన సంచిలో ప్యాకెట్లు వేసి పోతాడు. తొమ్మిదైనా ఆ ప్యాకెట్లు సంచిలోనే ఉంటే ఎదురింటివాళ్లు తలుపు తడతారా? చాలాచోట్ల తట్టరు. వాళ్లను తప్పుపట్టలేం, తట్టేంత చనువు పెరిగే వీలు ఆ బిల్డింగులోనే లేదు. లిఫ్టు, నీళ్ల మోటారు, వాచ్‌మన్ జీతం ఉమ్మడి. నలుగురూ కలిసేది వాటి మీద తగాదా వచ్చినప్పుడే.

కోహౌసింగ్ మీద, అంటే ఎవరిల్లు వారికుంటూనే కొన్ని కుటుంబాలు కావాలని ఒకచోట కలిసి బతికే పద్ధతి మీద నాకు మక్కువ కలిగింది ఇందుకే. ఇది డెన్మార్క్‌లో పుట్టింది. 1960లలో యాన్ గుడ్మన్ హోయర్ అనే ఆర్కిటెక్టు ఈ ఆలోచన మొదలుపెట్టాడు. 1967లో బోడిల్ గ్రో అనే ఆవిడ, పిల్లలకు వందమంది తల్లిదండ్రులుండాలంటూ పత్రికలో వ్యాసం రాసింది. 1972 నాటికి సెట్టెడామెన్‌లో కుటుంబాలు కాపురాలు పెట్టేశాయి. అమెరికాలో మొదటిది 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో వచ్చింది.

సాధారణంగా 20, 30 కుటుంబాలు ఉంటాయి. ఉండబోయేవాళ్లే ముందుగా ఆర్కిటెక్టుతో కూర్చుని ప్లాను గీయించుకుంటారు. ఎవరి ఇల్లు, వంటగది, స్నానాలగది వాళ్లకుంటాయి. అవి కాక అందరికీ కలిపి ఒక పెద్ద ఇల్లు కడతారు. అందులో పెద్ద వంటశాల, భోజనాల హాలు, చుట్టాలకు గదులు ఉంటాయి. దసరాకు మాత్రమే వచ్చే పిల్లల కోసం ఏడాదంతా ఖాళీగా ఉండే మూడో బెడ్‌రూమ్‌కు లక్షలు పోయనక్కర్లేదన్నమాట. బండ్లన్నీ ఆవరణ అంచునే ఆగిపోతాయి. అక్కడినుంచి నడిచి రావాలి కాబట్టి, ఇంటికి చేరేలోపు ఇద్దరైనా పలకరిస్తారు.

వారంలో కొన్ని పూటలు వంట ఉమ్మడిగా, వంతులవారీగా సాగుతుంది. ఇద్దరి కోసం సంగటి కెలికే ఓపిక లేక పెరుగన్నంతో సరిపెట్టుకునే ముసలివాళ్లు మన దగ్గర ఎంతమందో! ముప్పైమందికైతే బలమున్న ఇద్దరు తెడ్డు పట్టుకుంటారు, ఒకరు ఊరుబిండి నూరుతారు, వండనివాళ్లు గిన్నెలు తోముతారు.

ఇది మన ఉమ్మడి కుటుంబమే కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఉమ్మడి కుటుంబాన్ని కోడళ్లు మోశారు. పొయ్యి దగ్గర వాళ్లకు సెలవన్నది లేదు, ఎదురు చెప్పే నోరూ లేదు. ఇక్కడ మగవాళ్లకూ వంతు ఉంటుంది. ఒక పూట రాబుద్ధి కాకపోతే తలుపేసుకుని ఇంట్లోనే తినొచ్చు, ఎవరూ ముఖం ముడుచుకోరు.

కలిసుండటం మనకు చేతకాక కాదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు, ఎవరి మిద్దె ఎత్తుగా ఉంటే దాని మీదికెక్కి ఎందరో ప్రాణాలు దక్కించుకున్నారు. ఆపదలో దానంతటదే వచ్చే ఆ దగ్గరితనం మామూలు రోజుల్లో నిలవాలంటే, అందుకు తగ్గట్టు ఇల్లు కట్టుకోవాలి.

చట్టం అడ్డు రాదు. ఫ్లాట్ల యజమానుల సంఘానికి 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఉంది. ప్రభుత్వ వాటా లేకుండా సహకార సంఘం పెట్టుకోవడానికి 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది.

అసలు అడ్డు కులం. అద్దె ఇల్లు అడిగితే "మీరేమిటోళ్లు?" అన్నదే ఇప్పటికీ మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నను గేటు దగ్గరే వదిలిరాకపోతే, మనం కట్టేది భోజనాల హాలున్న కుల కాలనీ అవుతుంది. ఎవరు వండినా అందరూ తినాలి, మాంసం వండే పూటలేవో ముందే తేల్చుకోవాలి. సంఘం రాసుకునే మొదటి నియమం ఇదే కావాలని నా గట్టి నమ్మకం. ఇక్కడ మొహమాటపడితే మిగతావన్నీ వృథా.

అందుకే స్థలం బేరం కంటే ముందు, పది కుటుంబాలు ఏడాదిపాటు వారానికో పూట ఎవరో ఒకరి మిద్దె మీద కలిసి వండుకు తినాలి. డబ్బు లెక్క ఎవరు చెప్పరో, గిన్నెల దగ్గర ఎవరు కనిపించరో, ఎవరి చేతి వంట ఎవరు ముట్టరో ఆ ఏడాదిలో బయటపడుతుంది. ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్లేది ఆ తర్వాతే.