నంబర్ బయటపడేది అక్కడ కాదు

అమెరికాలోని మన తెలుగువాళ్ల గ్రూపుల్లో ఓ పాత మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. ఈ నెలాఖరు నుంచి అమెరికాలో అందరి సెల్ నంబర్లనూ టెలిమార్కెటర్లకు ఇచ్చేస్తున్నారట. వాళ్లు చేసే కాల్స్‌కు బిల్లు మనమే కట్టాలట. ఆలోగా ఫలానా 888 నంబర్‌కు ఫోన్ చేసి మన సెల్‌ను నమోదు చేయించుకోకపోతే ఇక అంతే సంగతులట. 'మీవాళ్లందరికీ పంపండి' అన్న తోక మామూలే. పంపుతున్నవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లూ ఉన్నారు, డాక్టర్లూ ఉన్నారు. ఇది అబద్ధం. పోనీ కొత్తదా అంటే అదీ కాదు, 2004 నాటిది.

అది పుట్టడానికి ఓ కారణం మాత్రం ఉంది. ఎవరిదైనా ల్యాండ్‌లైన్ నంబర్ కావాలంటే 411కు ఫోన్ చేసి అడిగే రోజులవి. సెల్ నంబర్లకు అలాంటి డైరెక్టరీ లేదు. కొన్ని వైర్‌లెస్ కంపెనీలు కలిసి ఒకటి తయారు చేద్దామనుకున్నాయి. ఒప్పుకున్నవాళ్ల నంబర్లే పెడతామన్నాయి, టెలిమార్కెటర్లకు అమ్మబోమన్నాయి. వెరైజన్ వైర్‌లెస్ అసలు చేరనే లేదు. సెనేట్‌లో విచారణ కూడా జరిగింది. చివరికి ఆ డైరెక్టరీ రాలేదు గానీ, దాని చుట్టూ పుట్టిన ఈమెయిల్ మాత్రం బతికిపోయింది. గడువు ఏదీ లేదు మొర్రో అని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎన్నిసార్లు ప్రకటించినా, తేదీ మార్చుకుంటూ ఈమెయిల్ నుంచి ఫేస్‌బుక్‌కు, అక్కడి నుంచి వాట్సాప్‌కు వచ్చి చేరింది. 'కాల్స్‌కు బిల్లు మీరే కట్టాలి' అన్న వాక్యమే దాని వయసు చెబుతోంది. వచ్చే కాల్‌కూ నిమిషాలు కోసే ప్లాన్లు ఉన్నప్పుడు రాసిన ముక్క అది. అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉన్నవాళ్లు కూడా దాన్ని చదివి టెన్షన్ పడి ముందుకు తోసేస్తున్నారు.

ఆ 888 నంబర్ మాత్రం నిజమైనదే. చిక్కంతా అక్కడే ఉంది. 1-888-382-1222 అన్నది 'డు నాట్ కాల్ రిజిస్ట్రీ' నంబర్, అంటే అమ్మకాల కాల్స్ వద్దనుకునేవాళ్లు తమ నంబర్ నమోదు చేసుకునే ప్రభుత్వ జాబితాది. ఆ రిజిస్ట్రీ 2003 జూన్ 27న మొదలైంది. మొదటి రోజు నుంచీ సెల్ నంబర్లనూ తీసుకుంటోంది. నమోదుకు ఆఖరి తేదీ అంటూ ఏమీ లేదు. ఒకప్పుడు నమోదు అయిదేళ్లకే చెల్లేది, 2008లో వచ్చిన చట్టంతో ఆ పరిమితి కూడా పోయింది. 25 కోట్లకు పైగా నంబర్లు ఇప్పటికే అందులో ఉన్నాయి. మీది లేకపోతే చేర్చుకోండి, మంచిదే. ఏ ఫోన్‌ను చేర్చాలో ఆ ఫోన్ నుంచే కాల్ చేయాలి. అమ్మకాల కాల్స్ ఆగడానికి 31 రోజుల దాకా పట్టవచ్చు.

అయితే ఆ జాబితా కవచం అనుకుంటే పొరపాటే. విరాళాలు అడిగేవాళ్లకూ, రాజకీయ పార్టీలకూ, సర్వేలకూ అది వర్తించదు. మీరు ఏదైనా కొన్న కంపెనీ 18 నెలల వరకు ఫోన్ చేయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, దొంగ అనేవాడు ఆ జాబితా చూసి ఫోన్ చేయడు. చట్టానికి భయపడే కంపెనీని ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. మీ ఏరియా కోడ్‌తోనే దొంగ నంబర్ చూపిస్తూ 'ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం' అని బెదిరించేవాడికి దానితో పనే లేదు. ఈ మాట చెప్పేటప్పుడు మన ముఖం కూడా అద్దంలో చూసుకోవాలి. 2016 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ పన్ను అధికారుల పేరుతో, ఇమ్మిగ్రేషన్ అధికారుల పేరుతో జనాన్ని దోచుకున్న ముఠా మీద కేసు పెట్టినప్పుడు, అందులో నిందితులైన అయిదు కాల్ సెంటర్లూ అహ్మదాబాద్‌వే.

మరి నంబర్ వాళ్లకు ఎలా చేరుతోంది? ప్రభుత్వం ఇవ్వలేదు, ఫోన్ కంపెనీ డైరెక్టరీ అచ్చు వేయలేదు. ఎక్కువసార్లు ఇచ్చింది మనమే. ఆరోగ్య బీమా ధర తెలుసుకుందామని ఏదో ఒక వెబ్‌సైట్ తెరుస్తాం. పేరు, జిప్ కోడ్, ఫోన్ నంబర్ నింపుతాం. కింద పెద్ద పచ్చ బటన్ ఉంటుంది. దాని కింద, బూడిద రంగులో, కళ్లజోడు పెట్టుకున్నా కనబడని అక్షరాల్లో ఓ పేరా. మా 'మార్కెటింగ్ భాగస్వాములు' మీకు ఆటోమేటిక్ పద్ధతిలో కాల్స్, మెసేజ్‌లు పంపడానికి మీరు ఒప్పుకుంటున్నారు, మీ నంబర్ డు నాట్ కాల్ జాబితాలో ఉన్నా సరే, అని దాని సారాంశం. 'భాగస్వాములు' అన్న మాట మీద నొక్కితే వందల కంపెనీల పేర్లు. బీమా అడిగినవాడికి సోలార్ ప్యానెళ్లవాడు, కారు వారంటీవాడు, అప్పులవాడు వరసగా ఫోన్ చేసేది ఇందుకే. రిజిస్ట్రీలో చేరి మూసిన తలుపును ఒక్క టిక్కుతో మనమే తీసిపెడుతున్నాం.

ఈ దారి మూయడానికి ఒక ప్రయత్నం జరిగింది. ఒక్కో కంపెనీకి విడివిడిగా అనుమతి ఉంటేనే ఇలాంటి కాల్స్ చేయాలని టెలికాం నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2023 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అది 2025 జనవరి 27న అమల్లోకి రావాలి. బీమా మార్కెటింగ్ సంస్థల కూటమి కోర్టుకెళ్లింది. మూడు రోజుల ముందు, జనవరి 24న, పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కమిషన్ తన అధికారం దాటిందని చెప్పింది. నిజంగా తేదీ ఉన్న కబురు అది, నిజంగా మన నంబర్లకు సంబంధించిన కబురు. దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లు మాకు ఎక్కడా కనబడలేదు.

ఇంట్లో పెద్దవాళ్ల సంగతి వేరే చెప్పాలి. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన అమ్మానాన్నలకు ఓ సిమ్ తీసిస్తాం. ఆ నంబర్ అంతకుముందు ఎవరిదో. ఆ పాత మనిషి బాకీలూ, అతను టిక్కు పెట్టిన ఫారాల తాలూకు కాల్స్ అన్నీ వీళ్లకొస్తాయి. 'జాబితా నుంచి తీసేయాలంటే 9 నొక్కండి' అని రికార్డు గొంతు చెబితే, మర్యాదగా 9 నొక్కుతారు. ఈ లైన్‌లో మనిషి ఉన్నాడని అవతలివాడికి తెలిసిపోతుంది. నొక్కకుండా పెట్టేయమని సిమ్ చేతిలో పెట్టిన రోజే చెప్పాలి. ఇలాంటి టెక్స్ట్ మెసేజ్‌లు వస్తే, వాటిని 7726కు పంపితే ఫోన్ కంపెనీకి ఫిర్యాదు అందుతుంది. అనుమతి లేకుండా రికార్డు గొంతుతో సెల్‌కు కాల్ చేసిన కంపెనీ మీద దావా వేసే హక్కు 1991 నాటి చట్టంలోనే ఉంది. కాల్‌కు 500 డాలర్లు, కావాలని చేసిందని తేలితే 1,500 దాకా. తేదీ, టైము, నంబర్ రాసి పెట్టుకున్నవాడికే ఆ హక్కు పనికొస్తుంది.

మన తెలుగు సంఘాలను కూడా ఒక మాట అడగాలి. ఏ మహాసభల హాల్లోనైనా ప్లాట్లు అమ్మే స్టాళ్లు ఉంటాయి, ఆ బల్లల మీద లాటరీ కూపన్లు ఉంటాయి. పేరు, ఊరు, సెల్ నంబర్ రాసి డబ్బాలో వేస్తాం. డ్రా అయిపోయాక ఆ డబ్బా ఎవరింటికి పోతుందో ఎవరూ అడగరు. రిజిస్ట్రేషన్ సమయంలో ఇచ్చిన నంబర్లు స్పాన్సర్లకు వెళ్తున్నాయా లేదా అన్నది నిర్వాహకులు ఫారం మీదే, అందరూ చదవగలిగే అక్షరాల్లో రాయాలి. వెళ్లకూడదన్నది మా అభిప్రాయం. స్పాన్సర్లు ఇచ్చే చెక్కులతోనే సభలు నడుస్తాయని మాకు తెలియక కాదు. కానీ ఆ చెక్కుకు బదులు ఇవ్వాల్సింది స్టేజీ మీద బ్యానర్, సభ్యుల ఫోన్ నంబర్లు కాదు.

కోర్టు కమిషన్ చేతులు కట్టేసింది కాబట్టి, ఒక టిక్కుతో వందమందికి అనుమతి అమ్ముకునే వ్యాపారాన్ని ఆపాలంటే ఇక చట్టంలోనే ఆ మాట రాయాలి. అది రాయాల్సింది అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్. ఓటు హక్కు ఉన్న తెలుగువాళ్లు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నారు. గ్రూపుల్లో ఏదో ఒక నంబర్ పంపకుండా ఉండలేమనుకుంటే, 888 బదులు క్యాపిటల్ స్విచ్‌బోర్డు నంబర్ పంపండి: 202-224-3121. కాంగ్రెస్‌లో ఏ సభ్యుడి ఆఫీసు కావాలో చెబితే కలుపుతారు.